కాణిపాకం ప్రమాణంలో లేని పేరు

2008లో పుంగనూరులో మునిరత్నమ్మకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, పూలదండ వేశారు, ఒకాయన మైకు పట్టుకుని ఆమెను పసిబిడ్డల పాలిటి కన్నతల్లి అన్నాడు. నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు నూరుకుంటున్నాను. ఆమె మంచిది కాదని కాదు, నా ఎరుకలో అంత మంచి మనిషి ఇంకొకరు లేరు. కానీ ఆ మైకు పట్టుకున్నవాళ్ళలో ఒక్కరికైనా హరిత పేరు తెలియదు. తెలిసినవాళ్ళం ఆ హాల్లో ఇద్దరమే. ఆమె వేదిక మీద, నేను వెనక వరసలో. ఇద్దరమూ నోరు మూసుకుని కూర్చున్నాం. ఎందుకు మూసుకున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు నారాయణస్వామి. మదనపల్లె కోర్టులో స్టెనోగా చేసి రిటైరయ్యాను. జడ్జి చెప్పింది రాసుకోవడం, టైపు కొట్టడం, సంతకానికి పెట్టడం, ఇంతే నా ఉద్యోగం. సొంత మాట ఒక్కటి రాసిన పాపాన పోలేదు. మాది పుంగనూరు. పొద్దున ఏడున్నర బస్సుకు మదనపల్లెకు పోయి, సాయంత్రం ఆరు గంటల బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. అదే బస్సులో డ్రైవరు వెనక సీటులో మునిరత్నమ్మ కూర్చునేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె అంటే కండక్టర్లకు హడలు. చంకన బిడ్డతో నిలబడిన ఆడమనిషి కనబడితే చాలు, కూర్చున్న మగవాణ్ణి పేరు అడిగి మరీ లేపేది. నన్నయితే పేరు అడిగే పని కూడా లేకుండా లేపేది.

సదుం దగ్గర ఒక మెట్టపల్లె ఆమెది. గొర్రెలు, కాస్త వేరుశెనగ చేను ఉన్న ఇల్లు. పదో తరగతి పాసైంది. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొగుడు పనికని బెంగళూరు పోయి అక్కడే వేరే సంసారం పెట్టాడు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "వాడు పోతే పోయినాడు లేప్పా, గొర్రెలన్నీ ఇంట్లోనే ఉండాయి" అనేది. మమ్మల్ని నవ్వించడానికే అనేది గానీ, నమ్మినవాడు మోసం చేస్తే ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. పిల్లలు లేరు. పుంగనూరులో అంగన్‌వాడీ టీచరుగా చేరింది. తొంభై ఆరులో మదనపల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు భార్యాభర్తల తగాదాలకు కౌన్సెలింగ్ కేంద్రం పెడితే అందులోకి వచ్చింది. తగాదా పడే పెద్దవాళ్ళకు బుద్ధులు చెప్పడానికి అక్కడ చాలామంది ఉన్నారు. ఈమె మాత్రం పిల్లల దగ్గర కూర్చునేది. బిడ్డ తల్లి దగ్గర ఉండాలా తండ్రి దగ్గర ఉండాలా అని దావా పడితే, బిడ్డతో మాట్లాడి రిపోర్టు ఇమ్మని జడ్జిగారు ఆ కేంద్రానికి రాసేవారు. ఈమె ఆ రిపోర్టును కోడి గెలికినట్టున్న చేతిరాతతో రాసి, భోజనం వేళకు నా దగ్గరికి తెచ్చి టైపు కొట్టమనేది. నేను విసుక్కుంటూనే కొట్టేవాణ్ణి.

పిల్లల చేత మాట్లాడించడానికి ఆమెకు ఒక పద్ధతి ఉంది. ప్రశ్నలు వేయదు. చేటలో వేరుశెనగ కాయలు పోసి మధ్యన పెట్టి, విత్తనానికి ఒలుద్దాం రమ్మని పిలిచేది. మిషనులో వేస్తే గింజ పగిలిపోతుందని మా పల్లెల్లో వానలకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనాలు చేత్తోనే ఒలుస్తారు. ఒలిచే చోట ఏ సంగతీ దాగదు. ఎవరి మొగుడు ఏమన్నాడో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అన్నీ అక్కడే బయటపడతాయి. "కండ్లు కాయల మీద ఉంటాయి గదప్పా, ఎదటోళ్ళ మొగం సూసే పనే లేదు. నోరు దానంతట అదే తెరుసుకుంటాది" అని నాకు బస్సులో చెప్పింది. నేను నవ్వాను గానీ ఆ మాట నిజం. పోలీసుల దగ్గర, లాయర్ల దగ్గర బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న పిల్లలు ఆ చేట దగ్గర నోరు విప్పడం నేను చూశాను.

హరిత ఆ చేట ముందుకు 2000 జులైలో వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడో తరగతి. తండ్రి గిరిబాబుకు కుప్పంలో బట్టల అంగడి. తల్లి సుమలతది పుంగనూరు. గిరిబాబు పెళ్ళాన్ని కొట్టేవాడు. తొమ్మిదేళ్ళు పడి, ఇక పడలేక సుమలత బిడ్డను తీసుకుని పుంగనూరులో తల్లి దగ్గరికి వచ్చేసింది. ఆమె అన్న వెంకటరమణకు కిరాణా అంగడి, దాని వెనకే ఇల్లు. నెల తిరగకముందే గిరిబాబు బిడ్డ తనకు కావాలని దావా వేశాడు. పెళ్ళాం రాకపోయినా ఫరవాలేదట, బిడ్డను ఇప్పిస్తే చాలట. బిడ్డను గుంజుకుంటే పెళ్ళాం తానే కాళ్ళ దగ్గరికి వస్తుందని ఆయన ఎత్తు. మా కోర్టు వసారాలో టీలు అమ్మేవాడికి కూడా ఆ ఎత్తు అర్థమైంది.

హరిత మూడు బుధవారాలు వచ్చి కాయలు ఒలిచింది. మొదటి బుధవారం మాట లేదు. రెండో బుధవారం తన స్కూలు గురించి, కుప్పంలో వాళ్ళ ఇంట్లో కొన్న రంగుల టీవీ గురించి చెప్పింది. మూడో బుధవారం కాయ చిదుపుతూ, తల ఎత్తకుండా, "మా నాయన మా అమ్మను కొట్టేటప్పుడు నా పక్క సూస్తాడు. నేను పోయి టీవీ సౌండు పెంచాల" అంది.

"పెంచకపోతే?" అని మునిరత్నమ్మ అడిగింది.

"పెంచుతాను" అంది పిల్ల. ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "నేను పెంచేదాన్ని గాబట్టే పక్కింటోళ్ళు రాలేదు. నేను జెప్పినానని నాయనకు తెలీకూడదు."

"నీ మాట ఈ సేట దాటి పోదు బిడ్డా" అని మునిరత్నమ్మ ఆ పిల్ల చేతిలో చెయ్యి వేసింది.

రిపోర్టు రాయాల్సిన మనిషి అలాంటి మాట ఎలా ఇచ్చిందని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, కాస్త గట్టిగానే అడిగాను. "భయపడతాండే బిడ్డకు యేం జెప్పమంటావు నారాయణా? జడ్జీకి రాస్తానంటే మళ్ళా నోరు తెరుస్తాదా" అంది. జడ్జికి రాసిన కాగితం జడ్జి దగ్గరే ఉంటుందని ఆమె ధీమా. అప్పటిదాకా ఆమె రాసిన రిపోర్టుల మీద పెద్ద తగాదాలు రాలేదు గనక ఆమెకు తెలియలేదు. నేను టైపు కొట్టిన కాగితం చేతికిస్తూ, "ఇది కోర్టులో పడిన మర్నాడు గిరిబాబు లాయరు చేతిలో దీని కాపీ ఉంటుందక్కా. అడిగితే ఇచ్చి తీరాలి" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. కాగితం ఇస్తే తండ్రి చదువుతాడు. ఇవ్వకపోతే బిడ్డకు ఏ కష్టమూ లేదని తండ్రికే అప్పగిస్తారేమో. పదిరోజులు ఆ కాగితాన్ని సంచీలో పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది. ఆ పది రోజులూ బస్సులో ఎవరినీ సీటులోంచి లేపలేదు.

అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. ఇది నేను దాచను.

మా చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి కాణిపాకం ప్రమాణం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. కోర్టు బోనులో దేవుని సాక్షిగా అని పొద్దస్తమానం అబద్ధాలు చెప్పే మనిషి, వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు. అక్కడ తప్పుడు ప్రమాణం చేస్తే తొంభై రోజుల్లో కన్నో కాలో పోతుందని నమ్మకం. తాగుడు మానడానికి ప్రమాణం, దొంగతనం చేయలేదని ప్రమాణం, పొలం గట్టు జరపలేదని ప్రమాణం. ముప్పై ఏళ్ళు అబద్ధపు సాక్ష్యాలు టైపు కొట్టిన నేను కూడా ఆ ప్రమాణాన్ని మాత్రం నమ్మేవాణ్ణి. "గిరిబాబును కాణిపాకం రమ్మందాం. అక్కడ ప్రమాణం చేసి పెళ్ళాన్నీ బిడ్డనూ తీసుకుపోనీ. రాజీ అయితే రిపోర్టు ఇచ్చే పనే ఉండదు, బిడ్డ మాట బయటికి రాదు" అన్నాను. మునిరత్నమ్మ ముఖంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. "ఇంత తెలివి ఇన్నాళ్ళు యాడ దాసిపెట్టినావప్పా" అని నన్ను మెచ్చుకుంది కూడా.

వెంకటరమణ ఒప్పుకోలేదు. మొగుడు కొట్టడం ఏ ఇంట్లో లేదు, దానికి కాణిపాకం దాకా పోయి బావను నలుగురిలో నిలబెట్టడం ఎందుకు అన్నాడు. ఊరికే పంపిద్దామన్నాడు. అంగడి ముందు బెంచీ మీద కూర్చుని మునిరత్నమ్మ గంటసేపు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరకు, ఆయన మనసు కరగడానికి, టీవీ సంగతి చెప్పేసింది. వెంకటరమణ కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. "నా చెల్లెలి బిడ్డ చేత అట్ల చేయించినాడా" అని తల కొట్టుకున్నాడు. ఇది ఎవరికీ చెప్పొద్దప్పా, బిడ్డకు మాట ఇచ్చాను అని ఆమె అంటే, నా నోట్లోంచి రాదమ్మా అని ఆయనా చేతిలో చెయ్యి వేశాడు. ఆ సాయంత్రం మునిరత్నమ్మ నాకు చెబితే, సొంత మేనమామ కదా అని నేనూ తల ఊపాను.

ప్రమాణం మాటలు నేనే రాశాను, బస్సులోనే, నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం వెనక అట్ట మీద. 'నా భార్య సుమలత మీద నేను ఇకమీదట చెయ్యి ఎత్తను. బూతు మాట అనను. పుట్టింటికి తరమను. తప్పితే ఆ స్వామే నన్ను చూసుకోవాలి.' మునిరత్నమ్మ రెండుసార్లు చదివించుకుంది. బాగుండాది అంది. అందులో హరిత పేరు లేదు. మా ఇద్దరికీ తట్టలేదు. గిరిబాబు అంతవరకు బిడ్డ మీద చెయ్యి చేసుకున్నది లేదు, కొట్టేది పెళ్ళాన్నే కదా, పెళ్ళాం పేరు ఉంటే చాలనుకున్నాం. చదువుకున్న దద్దమ్మను నేను, పిల్లలతో పని చేసే మనిషి ఆమె.

ఆగస్టులో ఒక సోమవారం గిరిబాబు కాణిపాకం కోనేట్లో మునిగి, తడి పంచెతో నిలబడి, నేను రాసిచ్చిన మాటలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా చెప్పాడు. వెంకటరమణ ఆయన్ను కౌగిలించుకున్నాడు. సుమలత ఏడ్చింది. హరిత మాత్రం మునిరత్నమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఆమె వెనకాలే నిలబడింది. మర్నాడు కోర్టులో రాజీ కాగితం పెట్టారు. బిడ్డకు తండ్రి మీద ఎటువంటి ఫిర్యాదూ లేదని, ఇష్టంగా పోతోందని కౌన్సెలరుగా మునిరత్నమ్మ దాని కింద సంతకం పెట్టింది. జడ్జిగారు జాగ్రత్త మనిషి. దావా వెంటనే కొట్టెయ్యకుండా, ఆరు నెలలు చూద్దాం, ఫిబ్రవరిలో అందరూ మళ్ళీ రండి అన్నారు. ఆ సాయంత్రం బస్సులో మునిరత్నమ్మ రిపోర్టును చించి ముక్కలు కిటికీలోంచి వదిలేసింది. నాకు బన్ను కొనిపెట్టింది.

డిసెంబరులో ఆమె కుప్పం పోయింది. ఎవరూ పొమ్మనలేదు, బిడ్డను చూడాలనిపించి పోయింది. పలమనేరులో ఒక బస్సు, వి.కోటలో ఇంకో బస్సు మారి, చేతి సంచీలో కాయలు కట్టుకుని పోయింది. గిరిబాబు అంగట్లో ఉన్నాడు. సుమలత ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. "అక్కా, ఆ పొద్దు నుంచి నా ఒంటి మీద గోరు కూడా పడలేదు. ప్రమాణం తప్పలేదు ఆయన" అంది. మునిరత్నమ్మ సంతోషపడి హరితను పిలిచింది. పిల్ల వచ్చి చేట ముందు కూర్చుంది. చేటెడు కాయలు ఒలిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. కాయలు అందుకోవడానికి చెయ్యి చాచినప్పుడు నిండు చేతుల గౌను కాస్త పైకి జరిగి, మోచేతి దగ్గర వాతలు కనబడ్డాయి. బట్టలు కొలిచే మీటరు కడ్డీ వాతలు. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి.

"బళ్ళో పడింది" అంది సుమలత. మునిరత్నమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చూడగా చూడగా సుమలత తల దించుకుంది. పిల్లను లోపలికి పంపి గొంతు తగ్గించి చెప్పింది. కాణిపాకం పోయే జీపులో గిరిబాబు మొరాయించాడట, ప్రమాణం చెయ్యనని. ఆయన్ను సిగ్గు పరచడానికి వెంకటరమణ, నీ కూతురే నీ సంగతంతా చెప్పింది, టీవీ సౌండు సంగతి కూడా చెప్పింది అని అనేశాడట. గిరిబాబు ఇంకేమీ అనకుండా దిగి ప్రమాణం చేశాడు. కుప్పం వచ్చాక మొదలుపెట్టాడు. ఇంట్లో ఏ కోపం వచ్చినా పెళ్ళాన్ని ముట్టుకోడు. బిడ్డను పిలుస్తాడు.

"నీ కండ్ల ముందర కొడతాంటే నువ్వేం జేస్తాండావు సుమలతా?" అని అడిగింది మునిరత్నమ్మ.

"తండ్రి గదక్కా, కొడతాడు. ఏ తండ్రి కొట్టడు? నన్నయితే కొట్టడం లేదు గదా" అంది సుమలత. తొమ్మిదేళ్ళ దెబ్బల తర్వాత నాలుగు నెలలు ఒంటికి సుఖం తెలిసిన మనిషి ఆమె. ఆ సుఖం పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేదు. నాకు ఈనాటికీ గిరిబాబు మీదకంటే ఆమె మీదనే ఎక్కువ మండుతుంది. అది న్యాయం కాదని నాకు తెలుసు, అయినా మండుతుంది.

వెనక్కి వచ్చిన మునిరత్నమ్మ నేరుగా వెంకటరమణ అంగడికి పోయింది. "నోట్లోంచి రాదన్నావు గదప్పా" అంది. "మంచికే గదమ్మా అన్నాను. ఆ మాట అంటేనే గదా దిగినాడు" అని ఆయన బెల్లం తూకం వేస్తూ చెప్పాడు. ఆ మనిషికి ఇప్పటికీ తాను తప్పు చేశాననే తోచలేదు.

ఫిబ్రవరి వాయిదాకు అందరూ వచ్చారు. రెండు నెలలు ఎటూ తేల్చుకోలేక నలిగిన మునిరత్నమ్మ వాయిదాకు ముందు జడ్జిగారికి ఒక చీటీ పంపింది, బిడ్డతో విడిగా మాట్లాడమని. జడ్జిగారు హరితను తన గదిలోకి పిలిపించారు. గదిలో జడ్జి, పిల్ల, రాసుకోవడానికి నేను. ఇంట్లో బాగుందా అని అడిగారు. ఊ అంది. నాన్న కొడతాడా అని అడిగారు. లేదంది. పిల్ల భయపడుతోందని జడ్జిగారు మునిరత్నమ్మను లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టి, "ఈమె నీకు తెలుసు కదా. నాకు చెప్పకపోతే ఈమెకు చెప్పు" అన్నారు.

"ఆయమ్మకు జెప్పను" అంది హరిత. "ఆయమ్మ మా మామకు జెప్పేసింది. మామ నాయనకు జెప్పినాడు."

జడ్జిగారు మునిరత్నమ్మ వైపు తిరిగి, "ఏం చెప్పింది మీకు?" అని అడిగారు.

నా పెన్సిలు కాగితం మీద ఆనించి ఉంది. మునిరత్నమ్మ పిల్ల వైపు చూసింది. పిల్ల ఆమెను చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపింది, కొంచెమే. చెప్పకపోతే ఆ పిల్ల సాయంత్రం బస్సుకు కుప్పం పోతుంది, ఆ కడ్డీ దగ్గరికి. చెబితే, చేతిలో చెయ్యి వేసిన మాట ఆ పిల్ల కండ్ల ముందరే రెండోసారి పోతుంది. మునిరత్నమ్మ ఎక్కువసేపు తీసుకోలేదు. టీవీ సంగతి, వాతల సంగతి, సుమలత అన్న మాట, అంతా చెప్పేసింది. నేను రాశాను.

జడ్జిగారు ఫైలు తిప్పి రాజీ కాగితం బయటికి తీశారు. "బిడ్డకు ఎటువంటి ఫిర్యాదూ లేదని ఇక్కడ సంతకం మీదే కదా?"

"నాదే సార్. ఆ పొద్దు అబద్ధం రాసినాను. ఈ పొద్దు జెప్పేది నిజం" అంది మునిరత్నమ్మ.

"ఈ పొద్దే అబద్ధం జెప్తాండాది" అంది హరిత. "నన్నెవురూ కొట్టలేదు."

జడ్జిగారు అటెండరు పాపక్కను పిలిచి పిల్ల చేతులు చూడమన్నారు. హరిత చేతులు వెనక్కి దాచుకుంది. పాపక్క బుజ్జగించి, అది కుదరక కాస్త బలవంతం చేసి, గౌను చేతులు పైకి ఎత్తింది. జడ్జిగారు చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. బిడ్డను పుంగనూరులో అమ్మమ్మ దగ్గర ఉంచాలి, తండ్రి కోర్టులో తప్ప ఇంకెక్కడా చూడకూడదు అని నాకు చెబుతుండగానే హరిత ఏడుపు అందుకుంది. అంతవరకు ఒక్క చుక్క కన్నీరు పెట్టని పిల్ల.

"నన్ను ఆడికే పంపీండి సార్. నేను ఆడుంటే అమ్మను కొట్టడు. నాయన నాకు అట్లనే జెప్పినాడు. నువ్వు గమ్మునుంటే మీ అమ్మను ముట్టను అన్నాడు. నేను గమ్మునే ఉండాను గదా."

ఆ వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి కోసం తండ్రితో తనదంటూ ఒక రాజీ చేసుకుని, ఆరు నెలలుగా దెబ్బలు తిని దాన్ని నిలబెట్టుకుంటోంది. పెద్దవాళ్ళం మేము చేసిన రాజీలో ఎవరూ మాట నిలబెట్టుకోలేదు. జడ్జిగారు సుమలతను పిలిచి, నువ్వూ బిడ్డతో పాటు పుంగనూరులో ఉండమ్మా అని మంచిగా చెప్పారు. సుమలత గుమ్మం అవతల నిలబడ్డ మొగుడి వైపు చూసి, "నేను ఆడనే ఉంటాను సార్. నన్ను బాగనే సూసుకుంటాండాడు" అంది. పెద్ద మనిషిని కోర్టు బలవంతం చెయ్యలేదు. ఆమె మొగుడి వెంట కుప్పం బస్సెక్కింది. బిడ్డ వైపు ఒకసారి తిరిగి చూసింది, అది కూడా నేను చూశాను.

తర్వాత జరిగింది ముందుగానే చెప్పేస్తాను. మూడు వారాలకు గిరిబాబు సుమలత కుడి చెయ్యి విరగ్గొట్టాడు. ప్రమాణం ఏమైందని వెంకటరమణ ఫోను చేసి అడిగితే, "ప్రమాణం రాజీ కోసం చేసినాను. రాజీని కోర్టులో మీరే చెడగొట్టినారు. ఇంగ ప్రమాణం యాడిది?" అన్నాడట. కన్నూ పోలేదు, కాలూ పోలేదు, అంగడి ఇంకో గది పెరిగింది. సుమలత కట్టు కట్టిన చేతితో పుంగనూరు వచ్చి మళ్ళీ పోలేదు. కేసులు నడిచాయి, విడాకులు అయ్యాయి. హరిత అమ్మమ్మ ఇంట్లోనే పెరిగింది, దెబ్బలు లేకుండా పెరిగింది, బాగా చదువుకుంది. కాగితాల మీద చూస్తే మునిరత్నమ్మ గెలిచిన కేసు అది. సన్మానం నాడు చదివిన జాబితాలో ఆ కేసు నెంబరు కూడా ఉంది. ఆమె ఇంకో ఏడేళ్ళు ఆ పని చేసింది, కానీ బిడ్డను కూర్చోబెట్టగానే ముందు తానే మాట్లాడేది. నువ్వు చెప్పేది నేను జడ్జిగారికి చెప్పాల్సి వస్తుంది, మీ నాయనకు తెలియవచ్చు, అయినా చెబుతావా అని అడిగేది. సగంమంది లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నీకేమైనా పిచ్చి పట్టిందా అక్కా అని నేను మొదట్లో కసిరాను.

ఇక మా నోళ్ళు మూయించిన ఆ పొద్దు సంగతి. సుమలత చెయ్యి విరిగిన కబురు పుంగనూరుకు వచ్చిన మర్నాడు, బస్సుకు ముందు, ఆ మాట చెప్పడానికి నేను మునిరత్నమ్మ ఇంటికి పోయాను. ఆమెకు అప్పటికే తెలుసు. వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. స్నానం చెయ్యలేదు, జడ వేసుకోలేదు. నేను ఏదో ఓదార్పు మాట వెదుక్కుంటుండగా వీధిలో ఒంటిపూట బడికి పోతూ యూనిఫాం వేసుకున్న పిల్ల కనబడింది. హరిత. అంతవరకు మూడు వారాలుగా అదే వీధిలో మునిరత్నమ్మ ఎదురైతే అవతలి పక్కకు దాటిపోయేదట. ఆ పొద్దు దాటలేదు. నేరుగా వచ్చి గడప అవతల నిలబడింది.

"రా బిడ్డా, లోపలికి రా" అంది మునిరత్నమ్మ, లేచి నిలబడి.

పిల్ల రాలేదు. పుస్తకాల సంచీ రెండు చేతులతో పట్టుకుని ఉంది. "మా అమ్మ చెయ్యి ఇరిగింది" అంది.

"తెలుసమ్మా."

"నేను ఆడుండింటే ఇరిగేది కాదు."

నాకు జవాబు చెప్పాలనిపించింది. నిన్ను కాపాడడానికే కదమ్మా చెప్పింది, ఇంకెలా చెయ్యాలి అని. నోటిదాకా వచ్చింది.

"నువ్వు మామకు జెప్పినావు" అంది హరిత. గొంతులో కోపం కూడా లేదు, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "జడ్జీకి జెప్పినావు. నన్నెవురూ అడగలేదు. జెప్పాలంటే ముందు నాకు జెప్పింటే, అమ్మను కూడా పిలుసుకోని వద్దామని జెప్పేదాన్ని గదా."

బడి గంట వినబడింది. పిల్ల సంచీ భుజాన వేసుకుని పోయింది. మునిరత్నమ్మ అలాగే నిలబడి ఉంది. బస్సుకు టైమవుతోందని నేను రెండుసార్లు అన్నాను. మూడోసారి అనకుండా నేనొక్కణ్ణే పోయాను.